స్ప్లిట్ కీబోర్డు కొంటే గేమ్‌లు మానుకోవాలా?

ప్రశ్న: పగలంతా టైపింగ్ పని, రాత్రి రెండు మూడు గంటలు గేమ్‌లు. ఎక్కువగా షూటింగ్ గేమ్‌లే ఆడతాను. కొన్ని నెలలుగా ఎడమ మణికట్టు చిటికెన వేలి వైపు నొప్పి పెడుతోంది. ఆడిన రోజు మరీ ఎక్కువ. అందుకని రెండు ముక్కలుగా ఉండే, కీలు నిలువు వరసల్లో అమర్చిన 42 కీల కీబోర్డు తీసుకున్నాను. టైపింగ్‌కి నెమ్మదిగా అలవాటు పడ్డాను, నొప్పీ కాస్త తగ్గింది. గేమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా గందరగోళం. ఏ (A) కీ నొక్కి పట్టుకుంటే పక్కకి జరగాల్సింది పోయి విండోస్ మెనూ తెరుచుకుంటోంది. స్పేస్ నొక్కితే ఆలస్యంగా గెంతుతున్నాడు. వేళ్లు ఏ కీ మీద ఉన్నాయో తెలియడం లేదు. ఇలాంటి కీబోర్డులు ఆటలకి పనికిరావు, గేమ్‌లకి పాతదే వాడుకో అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? వైర్‌లెస్‌గా వాడితే ఇంకా ఆలస్యం అవుతుందా?

సమాధానం: మీ కీబోర్డులో లోపమేమీ లేదు. టైపింగ్ కోసం చేసుకున్న అమరికతోనే గేమ్ కూడా ఆడుతున్నారు, తంటా అంతా అక్కడే. పాత కీబోర్డు మళ్లీ బయటికి తీస్తే ఆట కుదురుతుంది గానీ మణికట్టు మొదటికొస్తుంది. ఆటకంటూ విడిగా ఒక లేయర్, అంటే అవే కీలకి వేరే పనులు అప్పజెప్పే ఇంకో అమరిక, రాసుకుంటే మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ పోతాయి. పైగా ఎడమ ముక్క ఒక్కదానితో ఆడుకునే సౌకర్యం మామూలు కీబోర్డులో ఎలాగూ రాదు.

ముందు విండోస్ మెనూ సంగతి. మీ కీబోర్డులో ఏ, ఎస్, డీ, ఎఫ్ కీలకి రెండేసి పనులు అప్పజెప్పి ఉండాలి: తట్టి వదిలితే అక్షరం, నొక్కి పట్టుకుంటే విండోస్, ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్‌లలో ఒకటి. వీటినే హోమ్ రో మాడ్స్ అంటారు. ఉన్నవి 42 కీలే అయినప్పుడు టైపింగ్‌కి ఇది గొప్ప వెసులుబాటు. కానీ కీ నొక్కిన క్షణాన మీ ఉద్దేశం ఏమిటో కీబోర్డుకి తెలీదు. మీరు వదిలేదాకానో, ఒక గడువు దాటేదాకానో ఆగి చూస్తుంది. క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్) మనం మార్చకపోతే ఆ గడువు 200 మిల్లీసెకన్లు. షూటింగ్ గేమ్‌లో నడకంటేనే కీ నొక్కి పట్టుకోవడం. గడువు దాటగానే మీ ఏ కాస్తా విండోస్ కీ అయిపోతోంది, వేలు తీయగానే మెనూ తెరుచుకుంటోంది. స్పేస్‌దీ ఇదే వరస. పట్టుకుంటే లేయర్ మారేలా పెట్టి ఉంటుంది, కాబట్టి మీరు నొక్కినప్పుడు కాక వేలు తీశాక గెంతు వెళ్తోంది.

చాలామంది ఈ గడువుని 120కో 100కో దించి సర్దుకుందామని చూస్తారు. దించకండి. టైపింగ్‌లో అక్షరాల బదులు షార్ట్‌కట్లు పడటం మొదలవుతుంది, గేమ్‌లో మాత్రం పట్టుకున్న కీ అప్పటికీ అక్షరంగా మారదు. రెండు పనులున్న కీని ఎంత సవరించినా నొక్కగానే స్పందించే కీ కాలేదు. గేమ్ లేయర్‌లో ఒక కీకి ఒకటే పని ఉండాలి. తక్కిన సర్దుబాట్లన్నీ దీని తర్వాతే.

లేయర్ రాసేటప్పుడు అందరూ పడే గుంట ఒకటుంది. కొత్త లేయర్‌లో నాలుగైదు కీలు మార్చి, మిగతావాటిని ట్రాన్స్‌పరెంట్‌గా వదిలేస్తారు. అంటే కింది లేయర్‌లో ఏముంటే అది పైకి వస్తుంది, ఆ వచ్చేవాటిలో రెండు పనుల కీలూ ఉంటాయి. ఎడమ సగంలో ఉన్న 21 కీలలో ప్రతిదానికీ ఏదో ఒకటి స్పష్టంగా రాయండి. అవసరం లేని కీని ఏ పనీ చేయనిదిగా పెట్టండి. విండోస్ కీ ఈ లేయర్‌లో ఎక్కడా ఉండకూడదు.

తర్వాత కాంబోలు. రెండు కీలు కలిపి నొక్కితే ఎస్కేప్ లాంటిది వచ్చేలా పెట్టుకునేవే ఇవి. క్యూఎంకేలో కాంబోలు అక్షరాన్ని బట్టి గుర్తిస్తాయి. కాబట్టి డబ్ల్యూ, ఈ (E) కీలు కలిపిన కాంబో మీకుంటే గేమ్ లేయర్‌లో కూడా అది పేలుతుంది. పేలకపోయినా, రెండో కీ వస్తుందేమోనని మొదటి కీని దాదాపు 50 మిల్లీసెకన్లు ఆపి ఉంచుతుంది. వైర్‌లెస్ కీబోర్డులలో వాడే జెడ్‌ఎంకే అనే ఇంకో ఫర్మ్‌వేర్‌లో అయితే కీ ఉన్న స్థానాన్ని బట్టి గుర్తిస్తాయి, ఏ లేయర్లలో పనిచేయాలో చెప్పకపోతే అన్నింటిలోనూ పనిచేస్తాయి. ఏది వాడుతున్నా, కాంబోలు టైపింగ్ లేయర్‌కే పరిమితం అయ్యేలా రాయండి. ఆటో షిఫ్ట్ (కాస్త ఎక్కువసేపు పట్టుకుంటే పెద్ద అక్షరం వచ్చే ఏర్పాటు) పెట్టుకుని ఉంటే గేమ్ ఆడేటప్పుడు ఆపేయండి.

లేయర్‌లోకి వెళ్లడానికి పట్టుకుని ఉండే కీ వద్దు, ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే టాగుల్ కీ పెట్టండి. దాన్ని కుడి ముక్కలో మారుమూల పెడితే ఆట మధ్యలో పొరపాటున తగలదు. ఆడేటప్పుడు కుడి ముక్క కేబుల్ పూర్తిగా తీసేసే పద్ధతైతే మాత్రం ఎడమ ముక్కలోనే ఒక కీ పట్టుకుని ఇంకోటి నొక్కితేనే అందే చోట ఉండాలి. చిన్న తెర గానీ లైట్లు గానీ ఉంటే గేమ్ లేయర్‌కి వేరే రంగు పెట్టుకోండి, లేకపోతే ఆట ముగిశాక రాసే మొదటి ఈమెయిల్ అర్థం పర్థం లేకుండా పోతుంది.

ఇక వేళ్లు ఎక్కడున్నాయో తెలియకపోవడం. దీనికి కారణం కీబోర్డు జ్యామితి. మామూలు కీబోర్డులో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి దూరం 19.05 మి.మీ. పై వరస, మధ్య వరస కంటే అందులో పావు వంతు, అంటే దాదాపు 5 మి.మీ. ఎడమకి జరిగి ఉంటుంది. అందుకే డబ్ల్యూ సరిగ్గా ఎస్ నెత్తిన కాకుండా కొంచెం పక్కగా ఉంటుంది. ఆ అమరికలో ఉంగరం వేలు ఏ మీద, మధ్య వేలు డబ్ల్యూ, ఎస్‌ల మీద, చూపుడు వేలు డీ మీద పెట్టి ఆడతాం. అంటే టైపింగ్ స్థానం కంటే చెయ్యి ఒక కీ ఎడమకి జరిగి ఉంటుంది. ఫ్లాట్ కీబోర్డు మీద అది ఇబ్బందే కాదు. మీ కీబోర్డులో ప్రతి నిలువు వరసా ఒక వేలి పొడవుకి తగ్గట్టు పైకో కిందకో ఉంటుంది. ఏ (A) ఉన్నది చిటికెన వేలి వరస, అన్నింటికంటే కిందకి దిగి ఉంటుంది. అక్కడ ఉంగరం వేలు పెడితే అది ముడుచుకోవాలి. అంతకంటే పెద్ద నష్టం బొటనవేలికి. బొటనవేలి కీలని అమర్చింది చూపుడు వేలు ఎఫ్ మీద ఉంటుందన్న లెక్కతో. చెయ్యి ఎడమకి జరిగితే స్పేస్ అందక బొటనవేలు చాపాల్సి వస్తుంది.

చెయ్యి జరిపే బదులు అక్షరాలనే జరపండి. టైపింగ్‌లో వేళ్లు ఎక్కడ ఉంటాయో ఆటలోనూ అక్కడే ఉంచి, గేమ్ లేయర్‌లో ఎడమ సగం అంతా ఒక నిలువు వరస కుడికి తోయండి. బయటి అంచు నుంచి లోపలికి చూస్తే పై వరసలో ఎస్కేప్, ట్యాబ్, క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్ వస్తాయి. మధ్య వరసలో జీ, షిఫ్ట్, ఏ, ఎస్, డీ, ఎఫ్. కింది వరసలో బీ, కంట్రోల్, జెడ్, ఎక్స్, సీ, వీ. ఇప్పుడు ఉంగరం వేలు తన వరసలోనే ఏ మీద, చూపుడు వేలు తన వరసలోనే డీ మీద ఉంటాయి. చిటికెన వేలు పక్కకి చాచకుండానే షిఫ్ట్ మీద కూర్చుంటుంది, ఒక మెట్టు కిందకి దిగితే కంట్రోల్. గేమ్‌కి ఇదేమీ తెలియదు, దానికి అందేది ఎప్పటిలాగే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ. కాబట్టి ఒక్క గేమ్ సెట్టింగ్ కూడా ముట్టుకోనక్కర్లేదు. కొందరు ఇదే పనిని గేమ్‌లోనే నడకని ఈ, ఎస్, డీ, ఎఫ్‌కి మార్చి సాధిస్తారు. అదీ పనిచేస్తుంది, ఫర్మ్‌వేర్ మార్చలేని కీబోర్డులకి అదే దారి. కానీ ప్రతి గేమ్‌లోనూ పాతిక కీలు మళ్లీ మళ్లీ మార్చుకోవాలి, కొన్ని గేమ్‌లు కొన్ని కీలని మార్చనివ్వవు కూడా.

బొటనవేలి దగ్గరున్న మూడు కీలు చూసి మురిసిపోయి అన్నీ అక్కడికే తెచ్చి పెట్టకండి. బొటనవేలు ఒకటే, ఒకసారికి ఒక కీనే నొక్కగలదు. ఏ రెండు పనులు కలిపి చేయాల్సి వస్తాయో ముందు చూసుకోండి. గెంతుతూ కూర్చోవడం చాలా గేమ్‌లలో అవసరం, అందుకే స్పేస్, కంట్రోల్ రెండూ బొటనవేలికి ఇవ్వకూడదు. పరిగెత్తుతూ గెంతడమూ అంతే, షిఫ్ట్ చిటికెన వేలి దగ్గరే ఉండనివ్వండి. మాట్లాడేటప్పుడు పట్టుకునే పుష్ టు టాక్ కీ బొటనవేలికి పెడితే మాట్లాడినంతసేపూ గెంతలేరు, దాన్ని మౌస్ పక్క బటన్‌కి పంపండి. బొటనవేలు ఊరికే వాల్చినప్పుడు ఏ కీ మీద పడుతుందో దానికి స్పేస్, పక్కదానికి ఆల్ట్, మూడోదానికి అంకెల లేయర్.

42 కీలలో అంకెల వరస లేదు కాబట్టి ఆయుధాలు మార్చడానికి ఈ రెండో లేయర్ తప్పదు. బొటనవేలితో పట్టుకున్నంతసేపూ క్యూ, ఈ, ఆర్, ఎఫ్, వీ ఉన్నచోట 1 నుంచి 5 వచ్చేలా రాయండి. టీ, ఐ, ఎం, ఎంటర్ లాంటివి కింది వరసలోనూ బయటి వరసలోనూ సర్దొచ్చు. నడక కీలని మాత్రం ఇక్కడ ట్రాన్స్‌పరెంట్‌గానే వదలండి. పైన వద్దన్నది ఇక్కడ అవసరం, ఎందుకంటే దీని కింద ఉన్నది గేమ్ లేయర్. నడుస్తూ ఆయుధం మార్చినా అడుగు ఆగదు. క్యూఎంకేలో లేయర్ సంఖ్య పెద్దదైతే పైచేయి దానిదే, కాబట్టి గేమ్ లేయర్ 3 అయితే అంకెలది 4 కావాలి, 2 పెడితే అసలు కనిపించదు. అంకెలు నొక్కుతున్నంతసేపు గెంతలేమన్న లోటు ఉంటుంది గనక, ఎక్కువగా వాడే రెండు ఆయుధాలని మౌస్ చక్రానికో పక్క బటన్లకో ఇచ్చేయడం మేలు. వారసత్వంగా వచ్చిన కీ అమరికకి కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు బల్ల మీదకి వద్దాం. నంబర్ ప్యాడ్ ఉన్న మామూలు కీబోర్డు దాదాపు 45 సెం.మీ. వెడల్పు ఉంటుంది, మౌస్‌ని అది భుజం దాటి బయటికి నెట్టేస్తుంది. మీరు కుడి ముక్కని వెనక్కి తోసేసి, ఎడమ ముక్కని ఎడమ భుజానికి ఎదురుగా, మౌస్‌ని కుడి భుజానికి ఎదురుగా పెట్టుకోండి. ముంజేతులు రెండూ తిన్నగా ముందుకి ఉండాలి. ఎడమ చెయ్యి కొంచెం లోపలికి వంగి వస్తుంటే, ముక్క పై అంచుని కూడా అంతే కుడికి తిప్పండి. మణికట్టు కీబోర్డుకి తగ్గట్టు వంగకూడదు, కీబోర్డే ముంజేతికి తగ్గట్టు తిరగాలి. మీ నొప్పి చిటికెన వేలి వైపు ఉందంటే మణికట్టు ఇన్నాళ్లూ ఆ వైపుకే మడతపడి ఉండటం ముఖ్య కారణం కావచ్చు. షిఫ్ట్, కంట్రోల్ పట్టుకున్న చిటికెన వేలు ఆ మడతని ఇంకా లాగుతుంది.

రెండు ముక్కల మధ్య టీఆర్ఆర్ఎస్ కేబుల్, అంటే ఇయర్‌ఫోన్ పిన్ను లాంటిది ఉంటే ఒక జాగ్రత్త: యూఎస్‌బీ పెట్టి ఉండగా దాన్ని పీకడం, గుచ్చడం చేయకండి. పిన్ను జారేటప్పుడు కరెంటు తీగ పక్కదానికి తగిలి కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ముందు యూఎస్‌బీ తీయండి, తర్వాత ఆ కేబుల్. యూఎస్‌బీ ఎడమ ముక్కకే ఉండాలి.

లోపలి అంచుని ఎత్తి వాలుగా పెట్టే టెంటింగ్ టైపింగ్‌కి ఎంత హాయిగా ఉన్నా, ఆటలో తక్కువగానే ఉంచండి. 10 డిగ్రీలు చాలు, 14 సెం.మీ. వెడల్పున్న ముక్కకి లోపలి అంచు సుమారు 2.5 సెం.మీ. లేస్తుంది. 25, 30 డిగ్రీలకి వెళ్తే కంగారులో పక్కకి పడే దెబ్బలకి ముక్క జరిగిపోతుంది, కాళ్లు ఊగుతాయి. మౌస్ ప్యాడ్ పెద్దదైతే దాని అంచు మీదే ముక్కని పెడితే పట్టు దొరుకుతుంది. ఎత్తిన మేరకి కుర్చీ కూడా పైకి రావాలి, లేదంటే మణికట్టు వెనక్కి వంగి కొత్త నొప్పి మొదలవుతుంది. కీబోర్డు వెనక కాళ్లు ఉంటే మడిచేయండి. అరచేతి మెత్త ఆట ఆగినప్పుడు చెయ్యి వాల్చడానికే, ఆడేటప్పుడు మణికట్టు దాని మీద అదిమి పెట్టొద్దు.

ఇన్ని చేసినా చిటికెన వేలు గంటల తరబడి షిఫ్ట్ పట్టుకునే ఉంటే నొప్పి పూర్తిగా పోదు. పరుగు, కూర్చోవడం ఈ రెండింటినీ పట్టుకునే పద్ధతి నుంచి ఒకసారి నొక్కే టాగుల్ పద్ధతికి మార్చుకునే వీలు చాలా గేమ్‌లలో ఉంటుంది. పోటీ మ్యాచ్‌లలో కూర్చోవడం పట్టుకునేలాగే కావాలనిపించవచ్చు, పరుగైనా మార్చండి. కీలని అడుక్కంటా గుద్దే అలవాటు కూడా చూసుకోండి. చెర్రీ ఎంఎక్స్ రెడ్ లాంటి స్విచ్‌కి 4 మి.మీ. ప్రయాణంలో 2 మి.మీ. దగ్గరే నొక్కినట్టు నమోదవుతుంది, ఆ తర్వాత పెట్టే బలమంతా వేళ్లకి వృథా శ్రమ. ఇక చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా కీబోర్డు సర్దుతూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించుకోండి. నరం నొక్కుకుపోతున్న సూచనలవి.

అలవాటు పడేదాకా నేరుగా ర్యాంక్ మ్యాచ్‌లలోకి దిగకండి. శిక్షణ మైదానంలో గురి సంగతి పక్కన పెట్టి ముందు ఎడమ చేతికే పని చెప్పండి: ఏ, డీ మార్చి మార్చి నొక్కి చటుక్కున ఆగడం, గుండ్రంగా తిరగడం, గెంతి కూర్చోవడం, నడుస్తూ 1, 2, 3 మార్చడం. మీకు టైపింగ్ స్థానం ఇప్పటికే వచ్చు గనక నడక త్వరగానే కుదురుతుంది. ఆలస్యంగా వచ్చేది అంకెల లేయరే.

అన్ని గేమ్‌లకీ ఒంటి ముక్క సరిపోదు. దళాలకి అంకెలు కేటాయించే స్ట్రాటజీ గేమ్‌లలో కంట్రోల్‌తో కలిపి అంకెలు నొక్కుతూనే ఉండాలి, లేయర్ పట్టుకుని అది చేయడం నరకం. విమానం నడిపే సిమ్యులేటర్లకి కీబోర్డంతా కావాలి. ఇలాంటివి ఎక్కువగా ఆడేవాళ్లు అంకెల వరస ఉన్న సోఫిల్, లిలీ58 లాంటివి చూసుకోవాలి. ఒకే ముక్కగా వంపు తిరిగి ఉండే మెంబ్రేన్ (కీల కింద రబ్బరు పొర ఉండే) ఎర్గోనామిక్ కీబోర్డులది వేరే సంగతి. వాటిలో అక్షరాలు మామూలు అమరికలోనే ఉంటాయి గనక వేళ్లు తికమక పడవు, కానీ కొన్ని రకాలు మూడు నాలుగు కీలు కలిపి నొక్కితే ఒకటి మింగేస్తాయి. షిఫ్ట్, డబ్ల్యూ, స్పేస్, ఆర్ ఒకేసారి పట్టుకుని, నొక్కిన కీలని తెర మీద చూపే కీ టెస్టర్‌లో నాలుగూ వెలుగుతున్నాయో లేదో చూశాకే కొనాలి.

ఫర్మ్‌వేర్ చేతిలో ఉంది కదా అని ఒక దుర్బుద్ధి పుడుతుంది. ఏ, డీ రెండూ నొక్కి ఉన్నప్పుడు చివర నొక్కినదే చెల్లేలా రాయడం, ఒక్క కీతో వరసగా నాలుగు పనులు జరిగే మాక్రోలు. కౌంటర్ స్ట్రయిక్ 2లో ఇలాంటి వాటిని దాని తయారీ సంస్థ వాల్వ్ 2024 ఆగస్టులో నిషేధించింది, కీబోర్డు లోపలే జరిగినా సరే తమ సర్వర్లలో మ్యాచ్ నుంచి బయటికి నెట్టేస్తామని చెప్పింది. కీలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకోవడం అలాంటిది కాదు. ఒక నొక్కుకి ఒక కీ వెళ్తున్నంతవరకు మీకు బెంగ అక్కర్లేదు.

వైర్‌లెస్ విషయానికి వస్తే, మీకు తెలిసిపోతున్న ఆ ఆలస్యం రేడియోది కాదు, రెండు పనుల కీలది. జెడ్‌ఎంకే కీబోర్డులో ఒక ముక్క ప్రధానం, రెండోది తన నొక్కుల్ని దానికి పంపుతుంది. ఆ ప్రయాణానికి సగటున 3.75, ఎక్కువలో ఎక్కువ 7.5 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడి నుంచి బ్లూటూత్ మీద కంప్యూటర్‌కి చేరడానికి మళ్లీ అలాంటిదే ఇంకో వాయిదా. 200తో పోలిస్తే ఇది చిన్నదే, మామూలు ఆటలో పట్టించుకోనక్కర్లేదు. పోటీగా ఆడేటప్పుడు మాత్రం అదీ తీసేయొచ్చు. చాలా కీబోర్డులలో ప్రధానం ఎడమ ముక్కే, మీదీ అంతేనేమో చూసుకుని దానికి యూఎస్‌బీ కేబుల్ పెట్టండి, కీబోర్డు సెట్టింగులో అవుట్‌పుట్‌ని యూఎస్‌బీకి మార్చండి. కుడి ముక్క స్విచ్ ఆపేస్తే దాని బ్యాటరీ కూడా మిగులుతుంది.